క్లయింటు టైర్లు తంతున్నడంటే కోపమొచ్చినట్టేనా?

ప్రశ్న: సార్ నమస్తే. మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. హైదరాబాద్‌ల ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీల చేస్తున్న, ఇంటికాడ కూసోనే పని. మేం చేసిన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమెరికాల ఒకాయనకు చూపిచ్చినం, పదిహేను రోజులైనా ఉలుకు లేదు పలుకు లేదు. ఏమైంది మేడం అని మా మేనేజర్ని అడిగితే 'ది క్లయింట్ ఈజ్ స్టిల్ కికింగ్ ది టైర్స్' అని మెయిల్ పెట్టింది. తన్నుడు అన్నది కనవడంగనే నాకు గుండె జల్లుమన్నది, ఆయనకు ఎక్కడనో కాలింది అనుకోని ఎవ్వరికి చెప్పకుంట ఆ క్లయింటుకే 'సారీ సార్, మీకు కోపమొచ్చేతట్టు ఏం చేసినమో చెప్పుండ్రి, సరి చేస్తం' అని ఇంగ్లీషుల ఇంత పొడుగు రాసి పంపిన. ఆయన 'కోపమా? ఎవరికి?' అని ఒక్క ముక్క రాసిండు, కాపీ మేడంకు పెట్టిండు. అప్పటి నుంచి టీమంత నన్ను టైర్ల దుకాణం అంటున్నరు. ఈ మాటకు అసలు అర్థమేంది, ఎవరు ఎవరితోని అనొచ్చు, మన తెలుగుల దీనికి మాట ఉన్నదా? పేరు ఎయ్యకుండ్రి సార్, ఇప్పటికే మస్తయింది.

జవాబు: పేరు ఎయ్యలేదు తమ్మీ, టైర్ల దుకాణం అని కూడ ఎయ్యొద్దనుకున్న గని నువ్వే రాసినవు కాబట్టి ఉంచిన.

ముందుగాల నీ తప్పు అంత పెద్దది కాదు. ఇంగ్లీషుల తన్నుడు మాటలు చానా ఉన్నయి, ఒకదానికి ఒకటి పొంతన ఉండదు. బకెట్ తంతే చచ్చిపోయిండని, డబ్బా తన్నుకుంట రోడ్డెంబడి పోతే పనిని ఇయ్యాల రేపు అని జరుపుతున్నడని, కిక్ ఆఫ్ అంటే మొదలువెట్టుడు. గిన్ని ఉన్నంక టైరు తన్నుడు అంటే కోపం అనుకునుడు సహజమే. నేను గూడ ఉద్యోగంల చేరిన కొత్తల ఒక పెద్దాయన 'లెట్ మి కిక్ ది టైర్స్ ఫస్ట్' అంటే ఈయనకు కారెప్పుడొచ్చింది అని బయటికి పోయి చూసొచ్చిన.

దీని అర్థం ఏందంటే, ఒక వస్తువు తీసుకునే ముందు, లేదా ఒక పనికి ఒప్పుకునే ముందు, పైపైన అటూ ఇటూ తిప్పి, నొక్కి, కదిలిచ్చి చూసుడు. ఇంక మాట ఇయ్యలేదు, పైస తియ్యలేదు, గని చూస్తున్నడు. అంటే మీ మేడం నీకు చెప్పింది మంచి కబురు తమ్మీ, ఆయన ఇంక పోలేదు, మీ సాఫ్ట్‌వేర్ తెరిచి రెండు దొంగ బిల్లులు కొట్టి చూసుకుంటున్నడు అని. నువ్వు పోయి క్షమాపణ చెప్పినవు. సంతల ఎద్దు పండ్లు చూస్తున్నోని కాడికి ఉరికిపోయి 'అయ్యో మా ఎద్దు నిన్ను పొడిచిందా' అని అడిగినట్టు.

ఈ మాట అమెరికాల పాత కార్లు అమ్మేకాడ పుట్టిందంటరు. కారు కొననీకె వచ్చినోడు ఇంజిను సంగతి తెల్వదు, గేరు డబ్బ సంగతి తెల్వదు, గని ఏం తెల్వనట్టు నిలబడితే అమ్మేటోడు నెత్తిన కూసుంటడని భయం, అందుకని చుట్టు ఒక రౌండ్ తిరిగి టైరును బూటుతోని ఒక్కటి తంతడు, తన్ని 'ఊఁ' అంటడు. ఆ 'ఊఁ'లనే ఉన్నదంత. అట్లని ఉత్త యాక్టింగే అనలేం. డన్లప్ అనేటాయన కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం గాలి టైరు చేసి పేటెంట్ తీసుకున్నది 1888ల, ఫోర్డ్ మోడల్ టి కారు వచ్చింది 1908ల, ఆ కాలం టైర్లు ఇప్పటోలె గట్టియి కావు, గడియ గడియకు పంచర్లు, కాబట్టి టైరు ఎట్లున్నదో చూసుడు అంటే అప్పుడు ఖర్చు చూసుకునుడే. ఇప్పటి ట్యూబ్‌లెస్ టైరును నువ్వు కాలు నొప్పి పుట్టేదాక తన్ను, గాలి ముప్పై రెండు ఉన్నదా ఇరవై నాలుగు ఉన్నదా నీ కాలుకు తెల్వదు. టైరు గురించి నిజంగ తెల్వాలంటే వంగి పక్కగోడ మీద నాలుగంకెలు చదవాలె, 2319 అని ఉంటె 2019ల 23వ వారం తయారైన టైరు అన్నట్టు. కొనే బేరంల ఎంతమంది వంగుతరు చెప్పు.

మన దగ్గర టైరును నిజంగ కొట్టి చూసేటోళ్లు ఉన్నరు, లారోళ్లు. ఎప్పుడన్న రాత్రి పూట చిట్యాల, నకిరేకల్ దిక్కు విజయవాడ హైవే మీద దాబా కాడ చాయ్ తాగుకుంట చూడు, లారీ ఆగంగనే క్లీనర్ పిలగాడు దుంకి చేతిల ఇనుప రాడ్డు పట్టుకొని వరుసగ టైర్లను కొట్టుకుంట పోతడు. వాడు టైరు దిక్కు చూడడు, చెవి పెట్టి వింటడు. వెనక ఇరుసుకు ఒక్కొక్క పక్క రెండు టైర్లు జంటగ ఉంటయి కదా, లోపలి దాంట్ల గాలి పోయినా బయటిది బరువు మోసి నిలబెడతది, కంటికి కనవడదు, చప్పుడే చెప్తది. గాలి నిండుగ ఉన్నది రాడ్డును టంగుమని ఎగరగొడతది, గాలి పోయింది దబ్బుమని మింగుతది. అమెరికాల గూడ ట్రక్కోళ్లు ఇదే పని చేస్తరు, అక్కడ దానికోసమే ఒక కట్టె దుకాణాలల్ల అమ్ముతరు, టైర్ థంపర్ అంటరు. అట్లనే అక్కడి యుద్ధ విమానాల పైలట్లు 'కిక్ ది టైర్స్, లైట్ ది ఫైర్స్' అని ఒక ప్రాస మాట అనుకుంటరు, టైరు తన్ను ఇంజిను ముట్టియ్యి పద పోదాం అన్నట్టు, ఎక్కువ సేపు చూసుకుంట కూసోకుండ జల్దిగ బయలుదేరుడు అన్నమాట.

ఇగ నా సొంత కథ ఒకటి చెప్పాలె. చానా ఏండ్ల కింద నల్లగొండల ఒక పాత స్కూటర్ కొన్న, అమ్మినాయన పేరెందుకు ఇప్పుడు. నాకు స్కూటర్ నడపొచ్చు అంతే, లోపల ఏముంటదో తెల్వదు. నేను కూడ అమెరికాయనోలెనే చుట్టు తిరిగిన, ముందు టైరు తన్నిన, వెనుక టైరు తన్నిన, స్టెప్నీ మీద గుద్దిన, మూడూ కొత్తయి, నల్లగ నిగనిగలాడుతున్నయి, సంతోషపడి అడిగినంత ఇచ్చిన. వానాకాలంల ఒకనాడు క్లాక్ టవర్ కాడ బ్రేక్ మీద కాలేస్తే కాలు కిందికి పోయింది, బ్రేకుతోని సహా, కాళ్లు పెట్టే కాడ రేకు కింద నుంచి మొత్తం తుప్పువట్టి ఉన్నది, పైన రబ్బరు మ్యాట్ ఏసి కప్పిండ్రు. మెకానిక్ చూసి నవ్విండు, 'సార్, టైర్లు తన్నేటోళ్లు వస్తరని తెల్సే టైర్లు కొత్తయి ఏసిండ్రు' అన్నడు. వానికి ఇంగ్లీషు రాదు, గని ఈ మాట అర్థం వానికి తెల్సినంత మంచిగ నాకు ఇంగ్లీషు పుస్తకాలల్ల దొరకలే.

అందుకనే ఈ మాటల ఒక చిన్న ఎకసెక్కం ఉంటది, అది పట్టుకుంటే ఎవరు ఎవరితోని అనొచ్చో నీకే తెలుస్తది. నీ గురించి నువ్వు అనుకుంటే ఏం పర్వాలేదు, 'ఐయామ్ జస్ట్ కికింగ్ ది టైర్స్' అంటే బట్టల దుకాణంల మనం అంటం చూడు 'ఊకెనే చూస్తున్న అన్నా' అని, సరిగ్గ అదే. మూడో మనిషి గురించి, మీ మేడం నీకు చెప్పినట్టు, లోపల లోపల అనుకున్నా పర్వాలేదు. గని కొనేటోని మొకం మీద 'ఆర్ యు జస్ట్ కికింగ్ ది టైర్స్?' అని మాత్రం అడగకు, 'తీసుకునేదున్నదా, ఊకె పిసికి పోతవా' అని కూరగాయలామె కసురుకున్నట్టు ఉంటది. ఇగ టైర్‌కిక్కర్ అని నామవాచకం చేస్తే అది పూర్తిగ తిట్టే. దినాం వస్తడు, ధర అడుగుతడు, మూత తీపిస్తడు, ఫోటో తీసుకుంటడు, కొనడు. మన జడ్చర్ల, మహబూబ్‌నగర్ దుకాణాలల్ల సేట్లు టైంపాస్ గిరాకి అంటరు, నాకైతే ఆ మాట ఇంగ్లీషు మాట కన్న బాగున్నది, గిరాకి అని మర్యాద ఉంచుకుంటనే పక్కన టైంపాస్ అని ఒక చురక.

తెలుగుల ఉన్నదా అన్నవు. పైపైన పరీక్ష చేసుడుకు మనకు 'తట్టి చూసుడు' ఉన్నది కదా. కుమ్మరోళ్ల ఇంటికాడ కుండ కొననీకె పోయినప్పుడు మా అమ్మ కుండను ఎడమ చేతి మీద పెట్టి కుడి చేతి వేలు మడిచి కణుపుతోని ఒక్కటి కొట్టేది, ఖంగుమంటే మంచిగ కాలింది, బద్దమని పలికితే ఏడనో నెర్రె ఉన్నది, పక్కకు పెట్టేది. అమ్మేటామె కూడ తప్పు పట్టుకోకపోయేది, ఇది తట్టి చూడు అక్కా అని ఇంకోటి తనే ఇచ్చేది. ఇంగ్లీషాయన బూటుతోని చేసే పని మనం వేలు కణుపుతోని చేస్తం, అంతే తేడా. కాబట్టి మీ మేడం మాటను నేనైతే 'ఆయన ఇంక తట్టి చూస్తున్నడు' అని తెలుగు చేస్త. టైర్లు తంతున్నడు అని మక్కికి మక్కి తెలుగు చేస్తే ఏమైతదో నీకంటే ఎక్కువ ఎవరికి తెల్సు.

మీది సాగర్ ఎడమ కాలువ కింద వరి దిక్కు కాబట్టి ఇంకొకటి చెప్త, ఇది పట్టుకుంటే నీకు ఇగ యాదిమరవది. కల్లం కాడికి వచ్చినాయన వడ్లకుప్పల చెయ్యి పెట్టి గుప్పెడు తీసి, ఊది, ఒక గింజ పంటి కింద పెట్టి కొరుకుతడు, టక్కుమంటే ఎండింది, మెత్తగ నలిగితే ఇంకో రెండు రోజులు ఎండవెట్టు అంటడు. అది టైరు తన్నుడు. అదే వడ్లు సర్కారు తరఫున కొనే ఐకేపీ సెంటర్‌కు పోతే గింజలు మిషన్ల పోసి తేమ 17 శాతం దాటిందా లేదా, తాలు ఎంత, మట్టి ఎంత అని కాయితం మీద రాస్తరు. దాన్ని ఇంగ్లీషుల కికింగ్ ది టైర్స్ అనరు, డ్యూ డిలిజెన్స్ అంటరు, కంపెనీ కంపెనీని కొనేటప్పుడు లెక్కల పుస్తకాలు ముందలేసుకొని కూసునే కార్యక్రమం. నీ క్లయింటు ఇంక గింజ కొరికే కాడనే ఉన్నడు, మిషన్ కాడికి రాలేదు. వస్తే వకీలు మెయిల్ పెడతడు, అప్పుడు తెలుస్తది నీకు.

ఇప్పుడు ఆయనకు ఏం రాయాలె అంటవా, 'టేక్ యువర్ టైమ్, హ్యాపీ టు ఆన్సర్ ఎనీ క్వశ్చన్స్' అని ఒక్క లైను రాసి ఊకో. కోపం సంగతి మళ్ల తియ్యకు.

ప్రశ్న: వనపర్తిల డిగ్రీ చదువుతున్న సార్. ఒక ఆఫీసుకు అప్లికేషన్ పెట్టి వారం అయినంక ఫోన్ చేస్తే అక్కడాయన 'వి ఓవర్‌లుక్డ్ యువర్ అప్లికేషన్, సారీ' అన్నడు. నేను చూసిండ్రు కదా అని థాంక్యూ చెప్పి పెట్టేసిన. ఫ్రెండ్స్ నవ్విండ్రు. లుక్ ఓవర్, ఓవర్‌లుక్ ఒకటే కావా?

జవాబు: కావు బిడ్డా, పూర్తిగ ఉల్టా. లుక్ ఓవర్ అంటే ఒకసారి కండ్లేసి చూసుడు, ఓవర్‌లుక్ అంటే చూడక వదిలేసుడు, కండ్ల ముందట్నే ఉన్నా దాటిపోవుడు. ఆయన నీ కాయితం చూడలేదని ఒప్పుకున్నడు, మంచోడే, ఆఫీసులల్ల గంత ఒప్పుకునేటోళ్లు తక్కువ. మళ్ల ఫోన్ చేసి 'కుడ్ యు ప్లీజ్ లుక్ ఇట్ ఓవర్ నౌ' అను. ఇల్లు గుట్ట మీద ఉండి కింద చెరువు కనవడితే దానికి కూడ ఓవర్‌లుక్ అంటరు, అది వేరే కథ, అక్కడ ఎవ్వరు దేన్ని మర్చిపోలేదు.

దీనికన్న చిత్రం ఓవర్‌సైట్ అనే మాట. పర్యవేక్షణ అని ఒక అర్థం, పొరపాటున వదిలేసిండ్రు అని ఇంకో అర్థం, రెండూ డిక్షనరీల పక్కపక్కనే ఉంటయి. 'పనులు ఆఫీసర్ ఓవర్‌సైట్‌ల జరిగినయి' అంటే ఏ అర్థంల తీసుకోవాలెనో రోడ్డు చూసి చెప్పొచ్చు.

ప్రశ్న: నేను అచ్చంపేట దిక్కు స్కూల్‌ల టీచర్ని. పిల్లలకు 'విత్ ఎ ఫైన్ టూత్ కోంబ్' చెప్తుంటె దంతాలు ఎందుకొచ్చినయి టీచర్ అని అడిగిండ్రు. వన్స్ ఓవర్‌కు దీనికి తేడా కూడ చెప్పగలరా?

జవాబు: మేడం, వన్స్ ఓవర్ చిన్నది కాబట్టి ముందు అది. 'గివ్ ఇట్ ఎ వన్స్ ఓవర్' అంటే ఒక్కసారి మీది నుంచి కిందికి చూపు తిప్పుడు. వస్తువుకైతే ఏం కాదు, మనిషికి వాడితే మాత్రం అచ్చంగ మన 'ఎగాదిగా చూసుడు'. పెండ్లి చూపులల్ల పిలగాని మేనత్త గుమ్మంల అడుగువెట్టంగనే పిల్లను, పరదాలను, ఫ్యానును వరుసగ చూస్తది చూడుండ్రి, అది వన్స్ ఓవర్. పిల్లలకు ఇది చెప్పుండ్రి, డిక్షనరీ అక్కరలేదు.

ఫైన్ టూత్ కోంబ్ అంటే సన్న పండ్ల దువ్వెన, పేన్లు తీసే దువ్వెన. పిల్లలకు దంతాలు ఎందుకు అనిపిచ్చింది అంటే మనం కూడ దువ్వెనకు పండ్లే అంటం కదా, అదే సంగతి వాళ్లకు గుర్తు చేస్తే సగం పని అయిపాయె. మా నాయనమ్మ ఆదివారం పొద్దున వాకిట్ల ఎండ వచ్చే కాడ పీట ఏసుకొని మా చెల్లెను రెండు మోకాళ్ల నడుమ కూసోవెట్టుకునేది. మామూలు దువ్వెనతోని ముందు చిక్కు తీసేది, అటెన్క ఆ రెండు దిక్కుల పండ్లుండే చిన్న దువ్వెనకు పండ్ల నడుమ దారం చుట్టేది, ఇంక సన్నగ కావాలె అని. ఒక్కొక్క పాయ తీసుకొని కుదుళ్ల కాడ ఆనిచ్చి, గుంజి, తెల్ల బట్ట మీద దులిపి, బొటనవేలి గోరు మీద టుక్కుమనిపిచ్చేది. చెల్లె ఎంత మొత్తుకున్నా విడిచేది కాదు, చెవుల వెనుక, మెడ మీద, ఒక్క ఈరు కూడ ఉండనియ్యకపోయేది. లెక్కల పుస్తకాన్నో, అగ్రిమెంటునో గట్ల చూస్తే 'వెంట్ త్రూ ఇట్ విత్ ఎ ఫైన్ టూత్ కోంబ్' అంటరు. మన దిక్కు 'జల్లెడ పట్టినట్టు' అంటం, అడవిల మనుషులను వెతికినప్పుడు పేపరోళ్లు వాడి వాడి ఆ మాట అరిగిపోయింది గని అర్థం అదే.

ఒక్కటి చూసుకోండ్రి బోర్డు మీద రాసేటప్పుడు. ఫైన్‌కు టూత్‌కు నడుమ గీత పెట్టి, కోంబ్ విడిగ రాయాలె. చానామంది ఇంగ్లీషోళ్లే ఫైన్ అని విడిగ రాసి, టూత్‌కోంబ్ అని ఒకే మాటగ కలిపేస్తరు, బ్రిటన్‌ల ఈ తప్పు ఎంతగనం పాతుకపోయిందంటే డిక్షనరీలల్ల టూత్‌కోంబ్ అని చోటు కూడ ఇచ్చిండ్రు. మీ పిల్లలు అడిగింది అదే కదా మేడం, పండ్లు దువ్వుకునే దువ్వెన ఏడన్న ఉంటదా అని.